కాలువకు ఫస్ట్ ర్యాంకు

నమోదు 88. సోమవారం

విద్యా మండలి యంత్రానికి నమస్కారం. ఈ దినచర్య రోజూ రాయాలి, రాయకపోతే జీతం ఆగుతుంది. రాసినదాంట్లో "సుస్థిరాభివృద్ధి" అన్న మాట ఒక్కసారైనా లేకపోతే యంత్రం తిప్పి పంపుతుంది. ఆ మాట ఉంటే చాలు, మిగతాది ఎవరూ చదవరని పోయిన ఏడాదే కనిపెట్టాను. ఒకరోజు పాఠానికి బదులు గోంగూర పచ్చడి ఎలా నూరాలో రాసి, చివర ఆ మాట తగిలిస్తే "ఉత్తమం" అని జవాబొచ్చింది. అప్పటినుంచి నా మనసులో ఉన్నదే రాస్తున్నాను. సుస్థిరాభివృద్ధి. ఈ పూటకి మీ బాకీ తీరిపోయింది.

నా పేరు శేషుకుమారి. చిలకలగట్టు బడిలో ప్రకృతి శాస్త్రం చెబుతాను. బడి అంటే, సముద్రం ఇంకాస్త లోపలికి వచ్చినా మునగకుండా స్తంభాల మీద నిలబెట్టిన మూడు గదులు. కింద పాతకాలువ. ఆ కాలువే మా పాఠ్యపుస్తకం, ఆ కాలువే మా జవాబు పత్రం.

నా చిన్నప్పుడు నీటి చక్రం బొమ్మ గీసి బాణాలు పెడితే మార్కులు వేసేవాళ్ళు. బొమ్మ గీసి, బయటికొచ్చి, రంగు మారిన బోరు నీళ్ళు తాగేవాళ్ళం. ఆ రెంటికీ సంబంధం ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు. అందుకే మండలివాళ్ళు కాగితం పరీక్ష ఎత్తేసి, ప్రతి బడికీ ఒక చెరువో కాలువో అప్పగించి, మీ నీళ్ళు ఎంత బతికుంటే మీ పిల్లలకి అన్ని మార్కులు అని ప్రకటించినప్పుడు నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళకి ఎవరో బుద్ధి ఉన్నవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారనుకున్నాను.

ఇవాళ పదో తరగతి పిల్లల్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, కనిపించింది చెప్పమన్నాను. ఒకడు నీళ్ళు పచ్చగా ఉన్నాయన్నాడు. ఇంకొకతె కంపు కొడుతున్నాయంది. కెజియా మాత్రం నీళ్ళవైపు కాకుండా తుంగవైపు చూస్తూ నిలబడింది. ఏమిటే అని అడిగాను.

"నత్తలు పైకెక్కేశాయి టీచర్. మొన్న సగం దాకానే ఉన్నాయి. మేడలోళ్ళు మళ్ళీ నీళ్ళు వదిలినట్టున్నారు."

మేడలంటే భానుమూర్తి గారి రొయ్యల మేడలు. నేలంతా ఉప్పెక్కి చెరువులకి చోటు లేకపోయాక, అంతస్తు మీద అంతస్తు కట్టి రొయ్యల్ని పెంచుతున్నారు. వాడేసిన నీళ్ళు, అందులో పోసిన మందులతో సహా మా కాలువలోకే వస్తాయి. నీళ్ళలో ఊపిరాడనప్పుడు నత్త కాడ పట్టుకుని పైకి పాకుతుందని నేను పాఠం చెప్పలేదు. ఆ పిల్ల రోజూ చూసి తెలుసుకుంది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

మేం తాగేది ఈ నీళ్ళు కాదు కాబట్టి బతికున్నాం. మెరకమీదున్న పైఊళ్ళ నుంచి మంచినీటి గొట్టం ఒకటి గట్టు వెంబడి వస్తుంది. పొద్దున కాసేపు వదులుతారు.

నమోదు 91. గురువారం

మా హెడ్మాస్టరు నాంచారయ్య గారు మంచివాడే. ఎవరు ఏది చెప్పినా అవునంటాడు, అదొక్కటే ఆయన జబ్బు. ఇవాళ మీటింగు అని పిలిచి, కాలువకు కోచింగ్ పెట్టిస్తున్నామన్నారు. పిల్లలకా అని అడిగాను. కాదు, కాలువకేనన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను. మూలన టై కట్టుకున్న అబ్బాయి ఒకడు లేచి నిలబడి దండం పెట్టాడు. పేరు ప్రద్యుమ్న. పైఊళ్ళలో "జలవిజయం" అనే అకాడమీ నుంచి వచ్చాడు. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి నీళ్ళను తయారు చేయడం వాళ్ళ పని. తెప్ప ఎక్కడెక్కడ ఆగుతుందో, ఏ లోతులో కొలుస్తుందో, ఏ జీవుల్ని లెక్కపెడుతుందో మొత్తం వాళ్ళ దగ్గర ఉంది. ముఖ్యమైన జీవులు అయిదేనట, మిగతావి చదవక్కర్లేదన్నాడు. చదవక్కర్లేదు అనే అన్నాడు, నేను కల్పించడం లేదు. అయిదింటిలో కప్ప కష్టం కాబట్టి దాన్ని వదిలేసి తూనీగా నత్తా మీద దృష్టి పెడితే సరిపోతుందన్నాడు.

తెప్ప అంటే పరీక్ష చేసే యంత్రం. నీళ్ళమీద తేలుతూ వస్తుంది, కొలుస్తుంది, లెక్కపెడుతుంది, ఒక సీసాలో నీళ్ళు పట్టి సీలు వేసుకుని పోతుంది. పిల్లలు దాన్ని తెప్ప సారు అంటారు.

ప్రద్యుమ్న గోడమీద పాత ర్యాంకర్ల ఫోటోలు వేసి చూపించాడు. ఒక్కో కాలువ ఫోటో, చుట్టూ పూలదండ, కింద ర్యాంకు. మనుషుల మొహాలున్న ఫ్లెక్సీల్లాగే ఉన్నాయి, మొహం ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి. ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు, కాలువలు ఇంకా అలాగే ఉన్నాయా అని అడిగాను. ఒకసారి ర్యాంకు వచ్చాక మళ్ళీ ఎవరూ తమ దగ్గరికి రాలేదండీ అన్నాడు. అది గొప్పగా చెప్పాడు. సుస్థిరాభివృద్ధి.

కోచింగ్ ఖర్చంతా భానుమూర్తి గారిదట. తల్లిదండ్రుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కాలువను పాడు చేసేవాడే కాలువను చదివించడం బాగుందని నేనంటే, నాంచారయ్య గారు గొంతు తగ్గించి, అమ్మా, పిల్లల సీట్లమ్మా అన్నారు. అంతకుమించి అనక్కర్లేదు కూడా. కాలువ మార్కులు తక్కువైతే పైఊళ్ళ కాలేజీల్లో మా పిల్లలకి చోటుండదు. చోటు లేకపోతే మేడల్లో రొయ్య తలలు తీయడమే. 

నమోదు 97. బుధవారం

కోచింగ్ జోరుగా సాగుతోంది. మెట్ల దగ్గర రేయింబవళ్ళు గాలి పంపులు నడుస్తున్నాయి. తెప్ప ఆగే చోటుకి అటూ ఇటూ నీళ్ళలోనే పట్టాలు కట్టిన తడికలు దించి, లోపల పటిక వేశారు. మడ్డి అడుగుకి దిగిపోయి మెట్టు మెట్టూ కనిపిస్తోంది. కనపడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళని ఏమనగలను, కాలువ అడుగు వాళ్ళు పుట్టాక చూడలేదు.

వలల్లో తూనీగలు వచ్చాయి. గోనెసంచుల్లో నత్తలు వచ్చాయి. పైఊళ్ళ చెరువుల్లో పట్టి పడవల్లో తెచ్చారు. మేడలవాళ్ళు పరీక్ష అయ్యేదాకా నీళ్ళు వదలకుండా పట్టి ఉంచుతారట. ఆ తర్వాత రెట్టింపు వదులుతారని నేను వేరే చెప్పక్కర్లేదు.

నా తరగతులు రద్దయ్యాయి. బదులుగా ప్రద్యుమ్న పిల్లలకు బిట్లు చెబుతున్నాడు. మీ కాలువలో నీరు ఎలా ఉంది? తేటగా ఉంది. నత్తలు ఎలా ఉన్నాయి? సమృద్ధిగా ఉన్నాయి. నీ కాలువ నీకు ఏమి నేర్పింది? సుస్థిరాభివృద్ధి నేర్పింది. అందరూ ఒక్క గొంతుతో పాడుతుంటే స్తంభాలు అదిరాయి. నీటి చక్రం బొమ్మ గీసిన రోజులు నాకు గుర్తొచ్చాయి. ఆ బొమ్మే నయం, అది బొమ్మ అని అందరికీ తెలుసు.

కెజియా పాడలేదు. కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తోంది. ఎందుకు పాడట్లేదని ప్రద్యుమ్న అడిగితే, తను చూసింది వేరేగా ఉందని చెప్పింది. వాడు నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

నమోదు 103. మంగళవారం

రేపే పరీక్ష. తరగతిలో ఒక పిల్లనో పిల్లవాడినో సాక్షిగా నిలబెట్టాలి. తెప్ప కొలతలన్నీ అయ్యాక ఆ సాక్షిని మూడు ప్రశ్నలు అడుగుతుంది. బాగా చెబితే ఆ పిల్లకి పైఊళ్ళ నీటి కళాశాలలో నేరుగా సీటు, ఇల్లూ తిండీ వాళ్ళదే. సంస్కరణల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ నిబంధనే. యంత్రం కొలవలేనిది పిల్ల చెబుతుందని దాన్ని పెట్టారు. సాక్షి ఎవరో చెప్పే హక్కు సైన్సు టీచరుది, ఇంకెవరిదీ కాదు.

భానుమూర్తి గారి మేనల్లుడి పేరు చెప్పమని నాంచారయ్య గారు పొద్దున్నుంచి నా వెంట తిరిగారు. వాడు బిట్లన్నీ కంఠతా పట్టాడు, పాపం మంచి పిల్లవాడే. నేను కెజియా పేరు ఇచ్చాను.

నాంచారయ్య గారి మొహం పాలిపోయింది. ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుందమ్మా అన్నారు. చెప్పనివ్వండి, అందుకే కదా సాక్షి అన్నాను. సాక్షి మాటకి కాలువ మార్కులు తగ్గవని, మిగతా పిల్లలకి నష్టం లేదని నిబంధన తీసి చూపించాను. ఆయన చాలాసేపు చదివి, అయితే మీ ఇష్టం అని వెళ్ళిపోయారు.

సాయంత్రం కెజియా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ దీవెనమ్మ అప్పుడే మేడల నుంచి వచ్చి, చేతులకి నూనె రాసుకుంటోంది. రొయ్య ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు ఉబ్బిపోయాయి. చిన్నపిల్ల జెస్సీ ఇంకా పాకుతోంది. సీటు సంగతి చెబితే దీవెనమ్మ కళ్ళు తుడుచుకుని, ఏం చెప్పాలో మీరే నేర్పండి టీచరుగారూ అంది.

"నేర్పేదేం లేదు. చూసింది చెబితే చాలు" అన్నాను.

ఎంత నిబ్బరంగా అన్నానో. సుస్థిరాభివృద్ధి.

నమోదు 104. బుధవారం, పరీక్ష రోజు

తెల్లారేసరికి ట్యాంకరు పడవ వచ్చి మెట్ల దగ్గర, తడికల లోపల మంచినీళ్ళు గుమ్మరించి పోయింది. పైఊళ్ళ నీళ్ళు. బ్లీచింగ్ వాసన గట్టుదాకా కొట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. తాగే నీళ్ళను కాలువలో పోస్తుంటే చూడటం వాళ్ళకి అదే మొదటిసారి.

తెప్ప సారు ఎండ ఎక్కకముందే వచ్చారు. నీళ్ళు తేట, గాలి పుష్కలం, ఉప్పు తక్కువ. ప్రద్యుమ్న పెట్టెలు తెరిస్తే తూనీగలు గుంపుగా లేచాయి. నత్తల దగ్గరైనా ఈ మోసం బయటపడుతుందని నాకు కాస్త ఆశ ఉండేది. చెరువు నత్తలు మా ఉప్పు నీళ్ళలో బతకవు. తడికల కింద నుంచి ఉప్పు ఊరుతోంది కాబట్టి, అవన్నీ నీళ్ళలోంచి బయటపడి మెట్ల మీదికీ, స్తంభాల మీదికీ, తడికల మీదికీ ఎగబాకాయి. ఎక్కడ చూసినా నత్తలే. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోతున్నాయి. తెప్ప సారుకి అవి బాగా కనిపించాయి. తేలిగ్గా లెక్కపెట్టి, నత్తలకి పూర్తి మార్కులు వేశారు.

తర్వాత తెప్ప కెజియాని పిలిచింది. ఆడగొంతు, చాలా మర్యాదగా మాట్లాడుతుంది.

"నీ కాలువలో నీరు ఎలా ఉంది?"

"ఇవి కాలువ నీళ్ళు కావండి. పొద్దున పోశారు. కాలువ నీళ్ళు తడిక అవతల ఉన్నాయి, ఉప్పగా ఉంటాయి."

"నత్తలు ఎలా ఉన్నాయి?"

"చచ్చిపోతున్నాయండి. అందుకే పైకెక్కినాయి."

"నీ కాలువ నీకు ఏమి నేర్పింది?"

పిల్ల మెట్ల మీది నత్తల్ని చూసింది. 

"నత్త ఎక్కడుందో చూసి నీళ్ళు తాగాలని" అంది.

తెప్ప ధన్యవాదాలు చెప్పి, సీసాలో నీళ్ళు పట్టుకుని, సీలు వేసుకుని వెళ్ళిపోయింది. నేను అందరి ముందూ ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నాను. మండలిలో మనుషులెవరైనా ఉంటే ఈ జవాబు విని లేచి నిలబడతారని అనుకున్నాను. సుస్థిరాభివృద్ధి. ఈ ఒక్క రోజుకి ఆ మాట నిజంగానే రాస్తున్నాను.

నమోదు 110. మంగళవారం, ఫలితాలు

పాతకాలువకు రాష్ట్రంలో ఫస్ట్ ర్యాంకు.

పదో తరగతి అంతా పాస్, ఒక్క కెజియా తప్ప. ఆ పిల్ల పేరు ఎదురుగా ఉన్న వ్యాఖ్య దించుతున్నాను: "సాక్షి చెప్పిన జవాబులు నమోదైన కొలతలతో సరిపోలలేదు. విద్యార్థినికి పరిశీలనా శక్తి లేదు. అనుత్తీర్ణం."

ఒళ్ళు మండిపోయింది. పరిశీలన లేదట. ఈ గట్టు మీద కళ్ళు తెరిచి చూసే మనిషి అదొక్కతే. కొలతలు చూసి సాక్షిని సరిదిద్దుతారట, సాక్షిని చూసి కొలతల్ని అనుమానించరట. మరి ఆ మూడు ప్రశ్నలు ఎందుకు పెట్టినట్టు? మా ఊరి పరువు కోసమా?

బయట టపాసులు పేలాయి. గట్టు పొడవునా ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో తేటనీళ్ళతో కాలువ, ఒక పక్క భానుమూర్తి గారు, ఇంకో పక్క నాంచారయ్య గారు, కింద ప్రద్యుమ్న. ఫ్లెక్సీ కింద ఉన్న అసలు కాలువలో పంపులు తీసేశారు, తడికలు తీసేశారు. మేడల వాళ్ళు దాచిన నీళ్ళన్నీ వదిలేశారు. మెట్ల మీద నత్తలు ఎండి, కాలు పెడితే పటపటమంటున్నాయి.

కెజియా ఏడవలేదు. బడికి వచ్చి, వరుస చివర కూర్చుంది. నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది, తను చెప్పింది తప్పా అని. తప్పు కాదన్నాను. మరి ఫెయిల్ ఎందుకు చేశారని అడగలేదు. 

రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పంపాను. కాలువ పరీక్షకు ఇంతవరకు ఎవరూ ఆ దరఖాస్తు పెట్టలేదట. ఎందుకు పెడతారు, అందరూ పాసే కదా. సుస్థిరాభివృద్ధి.

నమోదు 113. శుక్రవారం

పొద్దున గొట్టం రాలేదు. మోటారు పాడైందేమో అనుకున్నాం. మధ్యాహ్నం పైఊళ్ళ నుంచి ఇద్దరు వచ్చి గొట్టానికి మూత బిగించారు. ఎందుకని అడిగితే కాగితం చూపించారు. ఫస్ట్ ర్యాంకు కాలువ ఉన్న ఊరికి గొట్టం నీళ్ళు అనవసరం కాబట్టి, నీళ్ళు ఫెయిలైన ఊళ్ళకి మళ్ళిస్తున్నారట. అభినందనలు కూడా రాశారు. వారానికోసారి ట్యాంకరు పడవ మాత్రం వస్తుందట, కాలువ నీళ్ళు అలవాటయ్యేదాకా.

ప్రద్యుమ్న గోడమీద చూపించిన ర్యాంకర్లందరూ గుర్తొచ్చారు. మళ్ళీ ఎవరూ తిరిగి రాలేదన్న మాట గుర్తొచ్చింది.

ఊరంతా బడి కింద చేరింది. నిన్నటిదాకా నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు, టీచరుగారూ మీరే ఏదో ఒకటి చెయ్యాలి అన్నారు. నేను చాలా మాటలు అనగలిగేదాన్ని. ఆడవాళ్ళ చేతుల్లో ఖాళీ బిందెలు చూసి కాగితం, కలం తీశాను. నాంచారయ్య గారు ఒక మూల తలొంచుకుని నిలబడి, ఇలా అవుతుందని మాకు చెప్పలేదమ్మా అన్నారు. ఆ మాట నిజమే అయ్యుంటుంది. ఆయన ఎవరినీ ఏదీ అడగడు.

కాలువను మళ్ళీ వచ్చి చూడమని మండలికి రాశాం. వచ్చే ఏడాది పరీక్షలో చూస్తామని వెంటనే జవాబొచ్చింది. సుస్థిరాభివృద్ధి, సుస్థిరాభివృద్ధి, సుస్థిరాభివృద్ధి.

నమోదు 119. గురువారం

రీవాల్యుయేషన్ ఫలితం వచ్చింది. కాలువ దగ్గరికి ఎవరూ రాలేదు. జవాబు పత్రాన్ని మాత్రమే మళ్ళీ దిద్దుతారట. జవాబు పత్రం అంటే సీసా. పరీక్ష రోజు పట్టిన సీసాలో నీళ్ళు మళ్ళీ కొలిచారు. తేటగా ఉన్నాయి. మార్పు లేదు.

నిబంధన ప్రకారం జవాబు పత్రాన్ని అభ్యర్థికి తిప్పి పంపుతారు. ఇవాళ ట్యాంకరు పడవలో ఆ సీసా వచ్చింది. లీటరు సీసా, మూతకి మండలి సీలు, మీద కాలువ పేరు. కెజియా దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది.

అప్పుడు నాకు తట్టింది. ట్యాంకరు నీళ్ళలో బ్లీచింగ్ ఉంటుంది. ఏ కాలువలోనూ బ్లీచింగ్ ఉండదు. తెప్ప దాన్ని వెతకదు, ఎందుకంటే కాలువలో అది ఉంటుందని ఎవరూ అనుకోరు. కానీ సీలు తెగకుండా ఈ సీసాను రెండో అప్పీలుకి తీసుకెళ్ళి, ఆ ఒక్క పరీక్ష చెయ్యమని అడగొచ్చు. చేస్తే అవి కాలువ నీళ్ళు కావని వాళ్ళ చేతుల్లోనే తేలుతుంది. కెజియా చెప్పింది నిజమని తేలుతుంది. సీటు వస్తుంది, గొట్టం వస్తుంది.

పిల్లకి వివరంగా చెప్పాను. వింటున్నంతసేపూ సీసా దించలేదు. అప్పీలు విచారణ శనివారం. శనివారం పొద్దున పడవలో నేనూ కెజియా వెళ్ళాలని అనుకున్నాం. సీసాను బడిలో నా బల్లమీద పెట్టాను. సుస్థిరాభివృద్ధి. ఈసారి చూద్దాం ఎవరికి పరిశీలన లేదో.

నమోదు 120. శుక్రవారం

ఇవాళ పైఊళ్ళలో ర్యాంకర్లకు సన్మానం. నాంచారయ్య గారూ, భానుమూర్తి గారూ, పాసైన పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ పొద్దున్నే పడవలెక్కి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. ఊళ్ళో ఒక్క పడవ కూడా మిగల్లేదు.

పదింటికి దీవెనమ్మ జెస్సీని భుజాన వేసుకుని బడి మెట్లెక్కింది. వెనకాల కెజియా. చంటిపిల్లకి రెండు రోజులుగా విరేచనాలు. నిన్న ట్యాంకరు వచ్చేదాకా కాలువ నీళ్ళే మరిగించి పట్టారట, నిన్న ఇంటికి బిందె చొప్పున పోసిన నీళ్ళు రాత్రికే అయిపోయాయట. ఇప్పుడు పిల్ల ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావడం లేదు. నోరు ఎండిపోయింది. పొట్టమీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు. ఆ గుర్తులన్నీ నేను ఆరో తరగతికి పాఠం చెబుతాను.

మంచినీళ్ళు కావాలి. వాటిలో చిటికెడు ఉప్పు, కాస్త పంచదార కలిపి చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. ఇంటింటికీ పరిగెత్తాను. ఏ బిందె వంచినా అడుగే. నిన్న పోసిన నీళ్ళు సన్మానానికి వెళ్ళేవాళ్ళు స్నానాలకి వాడుకున్నారు, తక్కినవి దారికని సీసాల్లో పట్టుకుపోయారు. మేడల్లో భానుమూర్తి గారికి సొంతంగా ఉప్పు తీసే యంత్రం ఉంది. కాపలావాడు గేటు తియ్యలేదు. అయ్యగారు లేరండీ, నా ఉద్యోగం పోద్దండీ అన్నాడు. బతిమాలాను, తిట్టాను, గేటు తన్నాను. వాడూ ఏడుపు మొహం పెట్టాడు గానీ తియ్యలేదు.

వట్టి చేతులతో తిరిగొచ్చేసరికి దీవెనమ్మ నేలమీద కూర్చుని పిల్లని ఊపుతోంది. కెజియా నా బల్ల దగ్గర నిలబడి ఉంది. నిజం రాస్తున్నాను, గదిలోకి రాగానే నేను ముందు చూసింది చంటిపిల్లని కాదు, సీసాని. సీలు ఉందా లేదా అని. ఉంది.

"టీచర్, మరిగిస్తే ఉప్పు పోదు కదా" అంది కెజియా.

"పోదు."

"రొయ్యల మందు?"

"అదీ పోదు."

రేపే కదా విచారణ, సాయంత్రానికి పడవలొస్తాయి కదా అని నా నోటిదాకా వచ్చింది. సాయంత్రం దాకా ఆ పిల్ల ఆగదని నాకు తెలుసు. తెలిసి కూడా నోటిదాకా వచ్చింది. ఊరందరి నీళ్ళు ఆ సీసాలో ఉన్నాయి. కెజియా చదువు ఆ సీసాలో ఉంది. కెజియా నా మొహం చూసింది. సీసా తీసుకుని, సీలు తెంపి, మూత తిప్పింది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది. అంత మంచి వాసన నేనెప్పుడూ చూడలేదు.

నేను పంచదార తెచ్చాను. ఉప్పుకు మా ఊళ్ళో కొదవ లేదు. దీవెనమ్మ ఒళ్ళో పెట్టుకుంటే కెజియా చెంచాతో పట్టింది. మొదటి చెంచాలు బయటికి వచ్చేశాయి. తర్వాతవి నిలిచాయి. మధ్యాహ్నం దాటాక పిల్ల ఒంటికి పోసింది, దీవెనమ్మ తడిసిన తన చీర చూసుకుని ఏడ్చింది. సాయంత్రానికి జెస్సీ గట్టిగా ఏడిచింది, ఈసారి కన్నీళ్ళతో. సీసాలో చుక్క మిగల్లేదు.

పడవలు మేళతాళాలతో తిరిగొచ్చాయి. కిటికీలోంచి చూస్తే నాంచారయ్య గారి మెడలో దండ, చేతిలో షీల్డు. కెజియా అటు చూడకుండా ఖాళీ సీసా పట్టుకుని మెట్లు దిగింది. కాలువలో ముంచి నింపి, పైన నురగ ఊదేసి, మూత బిగించి, తెచ్చి నా బల్లమీద పెట్టింది. పచ్చగా, అడుగున మడ్డితో ఉన్నాయి నీళ్ళు.

"రేపు ఇదే తీసుకెళ్దాం టీచర్."

"సీలు తెగిందే, చెల్లదు."

"తెలుసు టీచర్. అయినా అడిగింది కాలువ నీళ్ళేగా."

తను రాదట. రేపటినుంచి వాళ్ళమ్మతో మేడలకి పోతుందట, వాళ్ళమ్మ చేతులు ఇక పనికి లొంగడం లేదట. నన్ను ఒక్కదాన్నే వెళ్ళమంది. నేను ఎంత చెప్పినా వినలేదు. నా పాఠాలు విన్న పిల్లల్లో నేర్చుకున్నది అదొక్కతే. ఆ నేర్చుకున్నదాన్ని ఈ దేశంలో ఏ తెప్పా కొలవలేకపోయింది. నాకు కోపంగా ఉంది, సిగ్గుగా ఉంది, రెండూ ఎవరి మీదో విడదీసి చెప్పలేను.

మండలి యంత్రమా, సీసా పట్టుకుని రేపు వస్తున్నాను. వాకిట్లోనే తిప్పి పంపుతారని తెలుసు. ఈ నమోదులో మీకు కావలసిన మాట కూడా లేదు, మీకోసం వెతికి చూసుకోండి, ఎక్కడా లేదు. దీన్నీ తిప్పి పంపుతారు. పంపండి. కానీ సీసాను మాత్రం ఖాళీగా పంపకండి. మా ఊళ్ళో చంటిపిల్లలు ఇంకా ఉన్నారు, నింపి పంపండి.